కంద ఉడకడానికి నలభై ఒక్క పేర్లు

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. నేనేం చదువుకున్నవాణ్ణి కాదు. నాలుగో క్లాసులో బడి నన్నొదిలేసింది. తరవాత చదువంతా బజ్జీలు కట్టిచ్చిన కాయితాల మీదే సాగింది. అందుకే నాకు ఏ కథకీ మొదలూ చివరా సరిగ్గా తెలీవు, మధ్యలు మాత్రం బాగా తెలుసు. పైగా ఎవరి గురించి రాస్తున్నానో ఆవిడకి అక్షరం రాదు. ఒకసారి నేనేదో కాయితం మీద గిలుకుతుంటే గోడవతల్నించి చూసి, "అది రాసి ఏం చేస్తావబ్బాయ్, పప్పులో వేస్తావా?" అన్నారు. కాకపోతే ఆవిడ గిన్నె ఒకటి మా ఇంట్లో ఉండిపోయింది. అది కంటబడుతుంటే ఊరుకోవడం కుదరలేదు.

మా పక్కింటి పిన్నిగారు పోయేరు. పోయిన నెలలోనే. ఆ వేళ నేను సైకిల్ ట్యూబుల కోసం అమలాపురం వెళ్ళి మధ్యాహ్నం బస్సుకి ముక్తేశ్వరం తిరిగొచ్చేను. బస్సు దిగుతుంటే టీ కొట్టాయన గ్లాసులు కడగడం ఆపి, "మీ పిన్నిగారు వెళ్ళిపోయేరండి," అన్నాడు.

"ఎక్కడికండి?" అన్నాను.

ఎగతాళికి కాదు, నిజంగానే అడిగేను. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ గోదారి దాటడం నేను చూళ్ళేదు. రేవులో నిలబడితే అవతలి ఒడ్డు కనబడుతూనే ఉంటుంది, పంటు ఎక్కితే కాసేపటి ప్రయాణం. "అక్కడ నాకు తెలిసినవాళ్ళెవరున్నారు, ఎవరికి వండను?" అనేవారు. టీ కొట్టాయన చేతిలో గ్లాసు అలాగే పట్టుకున్నాడు. అప్పుడర్థమైంది. రాత్రి పడుకుని పొద్దున్న లేవలేదట. అంతకు ముందు సాయంత్రమే నాకు గోడ మీదుగా కంద బచ్చలి కూర అందించేరు.

పిన్నిగారంటే మాకు చుట్టం కాదు. గోడ ఒక్కటే చుట్టరికం. మా ఆవిడ కాలం చేసినప్పుడు అమ్మాయికి ఆరేళ్ళు. నాకు పంక్చర్ వెయ్యడం తప్ప ఏ పనీ రాదు. పదోరోజు దాటగానే ఆవిడ గోడవతల నిలబడి, "అబ్బాయ్, గిన్నె అందుకో," అన్నారు. అంతే. అప్పటికి నాకు ముప్ఫై దాటేయి. ఏభై దాటినా ఆవిడకి నేను అబ్బాయినే.

ఆ గిన్నెల సంగతి చెప్పకపోతే మిగతాది మీకు అందదు. మా వైపు ఎవరైనా గిన్నెలో కూర పంపిస్తే, ఆ గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదు. పంపడానికేం లేకపోతే నాలుగు కరివేపాకు రెబ్బలైనా, చిన్న బెల్లం ముక్కైనా వెయ్యాలి. మొదట్లో నాకేం తోచక, ఒకసారి కడిగిన గిన్నెలో కొత్త సైకిల్ బెల్లు పెట్టి పంపేను. పిన్నిగారు దాన్ని వంటింటి కిటికీకి కట్టించేరు. ఆ రోజు నుంచీ కూర సిద్ధమైతే పిలుపు లేదు, బెల్లు మోగేది.

ఇక ఆవిడ వంట. ఊళ్ళో ఆవిడకన్నా రుచిగా వండేవాళ్ళు ఉన్నారు, ఆ మాట ఆవిడే ఒప్పుకునేవారు. ఆవిడ వంట రుచి కోసం కాదు, పని జరగడం కోసం. జ్వరం తగిలినవాడికి మిరియాల చారు ఎవరైనా ఇస్తారు. కోర్టు పని మీద వెళ్ళేవాడికి పచ్చి అల్లం ముక్క ఉప్పులో అద్ది ఇచ్చేది మాత్రం ఆవిడే. "మాట తడబడదు," అనేవారు. పొయ్యి అలికి, పసుపు రాసి, ముగ్గు పెట్టందే అగ్గిపుల్ల గీసేవారు కాదు. గరిటె ఎప్పుడూ కుడివైపుకే, గుడి చుట్టూ తిరిగినట్టు. ఎడమవైపు తిప్పితే ఏమవుతుందండీ అంటే, "ఏమీ అవదు, చెయ్యి నొప్పెడుతుంది," అనేవారు. కోపంగా ఉన్నప్పుడు పోపు పెట్టేవారు కాదు. "ఆవాలకి మన కోపం వినబడిపోతుందబ్బాయ్," అని.

అత్తాకోడళ్ళు మాట్లాడుకోని ఇల్లొకటుండేది మా వీధిలో. ఆ ఇంటికి చింతపండూ బెల్లమూ రెండూ దండిగా దట్టించిన ముక్కల పులుసు ఒకే గిన్నెలో పంపేరు. పులుపూ తీపీ ఒక గిన్నెలో ఇమిడినప్పుడు ఇద్దరాడవాళ్ళు ఒక ఇంట్లో ఇమడరా అని ఆవిడ లెక్క. పని చేసిందా అంటే చేసిందనే చెప్పాలి. బెల్లం మరీ ఎక్కువేసిందని అత్తా కోడలూ కలిసి పిన్నిగారిని తిట్టుకున్నారు. మాటలు కలిసేయి కదా.

ఇన్ని చేసినా నోరు కదిపేవారు కాదు. కంద బచ్చలి పొయ్యి మీదున్నప్పుడు మాత్రం పెదాలు కదిలేవి.

కంద గురించి తెలియనివాళ్ళకి ఒక మాట. సరిగ్గా ఉడక్కపోతే గొంతు పట్టేస్తుంది, రెండ్రోజులు దురద. ఎక్కువ ఉడికితే ముద్దైపోతుంది. ఆ రెంటికీ మధ్య సందు చాలా ఇరుకు. పిన్నిగారింట్లో గడియారం లేదు. అయినా ఎసట్లో కంద వేసిన దగ్గర్నుంచి పెదాలు కదుపుతూ, గరిటె తిప్పుతూ, ఎక్కడో ఒకచోట టక్కున ఆపి దింపేసేవారు. ముక్క విరిగేది కాదు, గొంతు పట్టేది కాదు. తరవాత బచ్చలి కలిపి, చల్లారేక ఆవ పెట్టేవారు. ఆ సందు ఆవిడ ఒకే ఒక్కసారి తప్పేరు. ఆ తప్పు నాది.

ఇది పన్నెండేళ్ళ కిందటి మాట. మా అమ్మాయి రాజోలు నుంచి పుట్టింటికొచ్చింది, నాలుగో నెల. అంతకు ముందేడు ఒక కడుపు ఐదో నెలలో పోయింది. అందుకని ఈసారి అత్తవారే ముందుగా పంపేశారు. వేవిళ్ళు. నీళ్ళు తాగినా నిలిచేవి కాదు. అమలాపురంలో డాక్టరమ్మగారు చూసి, "ఏదో ఒకటి కడుపులో నిలవాలండి. నిలవకపోతే ఈసారీ కష్టమే," అన్నారు. నేను బస్సులో వస్తూ ఆ మాటని ఎన్నిసార్లు అటూ ఇటూ తిప్పినా దాని అర్థం మారలేదు.

అమ్మాయికి నిలిచిందల్లా పిన్నిగారి ధనియాల చారు. రోజూ పది గంటలకి బెల్లు మోగేది, గోడ మీదుగా గిన్నె వచ్చేది, అమ్మాయి అక్కడే గోడ పక్క సిమెంటు చపటా మీద కూర్చుని మెల్లిగా తాగేది. వారం తిరిగేసరికి చారులో రెండు ముద్దల అన్నం కూడా నిలిచింది.

మనిషికి కాస్త సంతోషం కలిగితే నోరు ఊరుకోదు. నా నోరు మామూలప్పుడే ఊరుకోదు. ఒక వాన రోజు టీ కొట్లో బెంచీ మీద కూర్చున్నాం, నేనూ, పంటు నడిపే సరంగూ, పోస్టుమానూ. టీ కొట్టాయన ఎదురుగా ఉన్నాడు. పైన రేకుల మీద వాన. సరంగు అడిగేడు, "మీ అమ్మాయిగారికి ఎలా ఉందండి?"

"బాగుందండి. మా పిన్నిగారు చారులో మంత్రం వేస్తున్నారు కదా."

"మంత్రమేంటండి?"

అక్కడితో ఆపొచ్చు. ఆపలేదు. కుడివైపు గరిటె, పొయ్యి ముందు ముగ్గు, కంద దగ్గర కదిలే పెదాలు, అన్నీ అభినయించి చూపించేను. చివర్న, "ఊరందర్నీ ఆ కుండలో వేసి తిప్పుతుందండి ఆవిడ. మీరూ నేనూ అందులోనే ఉడుకుతున్నాం," అన్నాను. బెంచీ అంతా నవ్వేరు. పోస్టుమానుకి టీ పొలమారింది. ఆ రోజుకి నేను గొప్పవాణ్ణి.

సాయంత్రానికి ఆ మాట పిన్నిగారి చెవిన పడింది. ఆవిడ నన్నేమీ అనలేదు. మర్నాడు ఎప్పట్లాగే కంద బచ్చలి వండి వీధిలో నాలుగిళ్ళకి పంపేరు. నాలుగిళ్ళలోనూ గొంతులు పట్టేశాయి. సరంగుకైతే మాటే పెగల్లేదు. ఆ పూట పంటు కదిలేటప్పుడు జనాన్ని కేకెయ్యలేక చెయ్యి ఊపేడట.

మంత్రం వేస్తుందని అన్నది నేను. గొంతు పట్టింది వాళ్ళకి. ఆ రెండూ ముడెయ్యడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. మర్నాటి నుంచి పిన్నిగారి గిన్నెలు తిరిగి రావడం మొదలుపెట్టేయి. ఖాళీగా. బోర్లించి అరుగు మీద పెట్టేసి, పిలవకుండా వెళ్ళిపోయేవారు. ఒక గిన్నెలో మాత్రం కోసిన నిమ్మకాయ, దానికి కుంకం. పిన్నిగారు ఆ నిమ్మకాయని చేత్తో పట్టుకుని అరుగు మీద నిలబడిపోవడం గోడ ఇవతల్నించి చూసేను. పలకరించలేదు. నాకు తెలిసిన సిగ్గుల్లో అదొకటి.

ఆ మర్నాడు పది గంటలకి బెల్లు మోగలేదు. అమ్మాయి చపటా మీద కూర్చునే ఉంది.

"నాన్నా, మామ్మగారు బెల్లు కొట్టలేదు."

నేను ధనియాల చారు పెట్టేను. గ్లాసు సగం అవకముందే కక్కేసింది. రెండో రోజూ అంతే. మూడోరోజు పొద్దున్న, నేను పక్కింటి దొడ్డిగుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ పొయ్యిలోకి కొబ్బరి మట్ట విరిచి పెడుతున్నారు.

"పిన్నిగారూ, చారు..."

"పంపనబ్బాయ్."

"కోపమొచ్చిందాండి?"

"కోపమైతే నిన్నో నాలుగు తిట్టి చారు ఇచ్చేసేదాన్ని. భయం. పోయినేడు దానికెలా అయిందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. రేపేదైనా అయితే ఆ ముసల్ది చారులో ఏదో కలిపిందంటారు. అనడానికి దారి నువ్వే చూపించేవు."

నేను గుమ్మంలోనే కూర్చున్నాను. "ఆ రోజు కందలో ఏం చేసేరండి?" అన్నాను.

"ఏమీ చెయ్యలేదు. చెయ్యకపోబట్టే అలా అయింది."

అప్పుడు చెప్పేరు. ఆవిడ గడియారం పేర్లు. కంద ఎసట్లో పడ్డాక ఒక్కొక్క పేరుకీ ఒక్కొక్క తిప్పు. తన గుమ్మం దగ్గర మొదలెట్టి రేవు దాకా, ఇంటి వరసన, మొత్తం నలభై ఒకటి. ఉత్త పేర్లే కాదు, ఒక్కొక్క పేరు పక్కన ఒక్కొక్క కోరిక. సరంగు మోకాలి నొప్పి తగ్గాలి. పోస్టుమాన్ని కుక్కలు తరమకూడదు. టీ కొట్టాయన దగ్గు మానాలి. వాళ్ళాయన పోయి అప్పటికే చాలా ఏళ్ళు. ఆయన చోటుకొచ్చేసరికి ఒక తిప్పు నిశ్శబ్దంగా తిప్పేవారట. మొగుడి పేరు నోటితో అనకూడదు కదా.

"పోయినవాళ్ళ పేర్లు కూడా ఉన్నాయాండి?"

"తీసేస్తే కంద ఉడకదబ్బాయ్. మీ ఆవిడ పేరూ ఉంది."

నేను పొయ్యిలోంచి జారిన మట్ట లోపలికి తోసేను. ఆవిడే మళ్ళీ అన్నారు, "మొన్న నీ మాట విని ఒళ్ళు మండింది. నీ పేరూ, ఆ బెంచీవాళ్ళ పేర్లూ, వాళ్ళ ఇళ్ళవాళ్ళ పేర్లూ వదిలేసేను. అన్ని పేర్ల మేరా పచ్చిగా ఉండిపోయింది. కోపంగా ఉన్నప్పుడు పోపు పెట్టకూడదని తెలుసు గానీ, కంద కూడా వండకూడదని అప్పటిదాకా తెలీదు."

"నా పేరు పక్కన ఏం కోరుకుంటారండి?"

"నోరు అదుపులో ఉండాలని."

నలభై ఒక్క కోరికల్లో ఫలించనిది ఇదొక్కటేనేమో.

అక్కణ్ణించి సరాసరి టీ కొట్టుకి వెళ్ళేను. బెంచీ మీద కూర్చోలేదు, నిలబడే చెప్పేను. అన్నది నేను, ఆవిడ చేసిందేం లేదు, ఎప్పుడూ చేసేది చెయ్యకపోబట్టే మీ గొంతు పట్టింది అని, పేర్ల సంగతంతా మొదట్నించి విప్పేను. టీ కొట్టాయన నాకేసి చూసి, "కందకి లేని దురద కత్తిపీటకెందుకండి?" అన్నాడు. పడ్డాను. పడాల్సిందే.

తరవాత సరంగు బొంగురు గొంతుతో, "నా మోకాలా?" అన్నాడు.

"ఆయ్. మీ మోకాలేనండి."

"ఈ మధ్య తగ్గిందండి మరి," అని తన మోకాలికేసే అనుమానంగా చూసుకున్నాడు.

"నేను ఎన్నోవాణ్ణండి?" అన్నాడు పోస్టుమాను.

"ఇరవయ్యో ఇరవై ఒకటో. ఇంటి వరసండి అది."

"మా తోడల్లుడు నాకన్నా ముందా?"

"వాళ్ళిల్లు ముందు కదండి."

టీ కొట్టాయన మొహం చిన్నబోయింది. "అయితే రేవులో ఉన్నవాణ్ణి, నేను ఆఖరన్నమాట."

"ఆఖరి పేరు దగ్గరే కదండీ కంద ఉడికిందో లేదో తేలేది," అన్నాను. ఆ ఒక్కసారి నా నోరు పనికొచ్చింది. ఆయన ఆ రోజు నా దగ్గర టీకి డబ్బులు పుచ్చుకోలేదు.

సాయంత్రం సరంగు భార్య ములక్కాడలు వేసిన గిన్నె పట్టుకుని పిన్నిగారి గుమ్మంలోకి వెళ్ళింది. నిమ్మకాయ పెట్టింది ఆవిడేనని నాకు తరవాత తెలిసింది. ఆవిడ నోరు తెరిచేలోగా పిన్నిగారే పీట వాల్చేరు. అప్పుడే కంద ఎసట్లో పడింది. ఇంకెవరైనా అయితే పేర్లు మానేసేవారు, పిన్నిగారు మాత్రం ఆ రోజు పైకే చదివేరు, ఆ తరవాత కూడా ఎప్పుడూ పైకే. నలభై ఒక్క పేర్లూ. గోడ ఇవతల నేను విన్నాను, మా అమ్మాయి వింది. పేర్లన్నీ అయ్యాక సరంగు భార్య ముక్కు చీది, "అంతర్వేదిలో మా తమ్ముడున్నాడండి. సముద్రం మీద వేటకెళ్తాడు. వాణ్ణి కూడా వేస్తారా?" అంది.

పిన్నిగారు ఆలోచించేరు. "వేస్తానమ్మా. ముక్కలు కాస్త లావుగా తరగాలి, అంతే."

మర్నాడు పది గంటలకి బెల్లు మోగింది. అమ్మాయి నాకేసి ఒకసారి చూసి, చారు గిన్నె రెండు చేతులతో అందుకుంది. నిలిచింది. ఐదో నెల దాటింది. ఆరో నెల దాటింది. అమలాపురంలో ఆడపిల్ల పుట్టిన కబురు నేను పంటు రేవు దాకా పరిగెత్తి చెప్పేను గానీ, పిన్నిగారికి చెప్పేసరికి ఆవిడ అప్పటికే ఒక పేరు ఖాయం చేసుకుని కూర్చున్నారు. "బారసాల దాకా 'పాపాయి' అని తిప్పుతాను. తరవాత మీరేం పెడితే అది," అన్నారు.

మంత్రమా కాదా అని నన్నడక్కండి. చారులో ధనియాలున్నాయి, జీలకర్ర ఉంది, అల్లం ఉంది. నేను పెట్టిన చారులోనూ అవే ఉన్నాయి. తేడా నాకు తెలుసు, చెప్పడం మాత్రం రాదు.

ఆ తరవాత ఊళ్ళో ఎవరికి ఏ అవసరం వచ్చినా ఒక పేరు పట్టుకొచ్చేవారు. గల్ఫుకెళ్ళిన కొడుకు, పరీక్ష తప్పిన అల్లుడు, ఒకాయనైతే ఈనాల్సిన గేదె. పిన్నిగారు ఎవర్నీ కాదనలేదు. ఒక్కొక్క పేరు చేరినప్పుడల్లా కంద ముక్క కొంచెం కొంచెం లావయ్యేది. ఇంతలో కొత్తపేటలో మేష్టరుగా పనిచేసే పిన్నిగారి అబ్బాయి గ్యాస్ పొయ్యి తెచ్చి పెట్టేడు. పొగ బాధ తప్పింది గానీ పిన్నిగారికి కొత్త చిక్కొచ్చింది. ఆ మంటకి కంద తొందరగా ఉడికిపోతోంది.

"పేర్లు మిగిలిపోతున్నాయబ్బాయ్. ఎవర్ని తియ్యను?" అని గోడ దగ్గర రెండ్రోజులు మథనపడ్డారు.

నేను మంట తగ్గించమన్నాను. అంత చిన్న మంటతో వంటేమిటని కొట్టిపారేశారు. మూడోరోజు గిన్నె అందుకుని చూస్తే, ఒక్కొక్క ముక్కా కోడిగుడ్డంత ఉంది. ఆఖరి గిన్నెలోనూ అంతే. ఆ ముక్కల్ని నేను చెంచాతో రెండుగా చేసుకుని తిన్నాను, మర్నాడు అమలాపురం బస్సెక్కేను.

పెద్దకర్మ రోజున పురోహితుడు గోత్రంతో పాటు ఆవిడ పేరు చదివేడు. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ పేరు వినడం అదే మొదలు. ఎవరో తెలియనావిడ పేరులా తోచింది.

మైల రోజులు వెళ్ళాక, మొన్న ఆదివారం కంద తెచ్చేను. ఆవిడ గిన్నె ఖాళీగా ఎలా తిరిగిస్తాను? కిరసనాయిలు స్టవ్ మీద ఎసరు పెట్టి, గరిటె కుడివైపుకి తిప్పుతూ, పిన్నిగారి గుమ్మం దగ్గర్నుంచి మొదలెట్టేను. పన్నెండేళ్ళు గోడ ఇవతల్నించి విన్నవాణ్ణి, ఒక్కటీ తప్పలేదు. వాళ్ళాయన చోట నిశ్శబ్దంగా ఒక తిప్పు. మా ఆవిడ పేరు పైకే అన్నాను. నా పేరు దగ్గర ఆవిడ కోరుకున్నదే కోరుకున్నాను. అందరూ అయ్యాక, పిన్నిగారికి ఏ పేరనాలో తోచక, ఇంకొక తిప్పు నిశ్శబ్దంగా తిప్పి దింపేశాను.

గిన్నెలో పోసి గోడ దగ్గరికెళ్ళి, అవతలికి చెయ్యి చాపి, వాళ్ళ వంటింటి కిటికీకి ఉన్న బెల్లు మోగించేను. కర్మలకి వచ్చి ఇంకా ఇక్కడే ఉన్న పిన్నిగారి కోడలు వచ్చింది. గిన్నె అందుకుని మూత తీసి చూసింది.

"ముక్కలు మరీ పెద్దగా తరిగేరు బావగారూ," అంది.

"ఆయ్," అన్నాను.

ఆ అమ్మాయి మూత పెట్టి, గిన్నె లోపలికి పట్టుకెళ్ళింది.